ప్యాకెట్టు మీద అమ్మమ్మ

మా వంటింటి అల్మరాలో పోపుల డబ్బాకీ ఉప్పు జాడీకీ మధ్య ఒక అమ్మమ్మ ఉంది. ఎర్ర అంచు పసుపు పట్టుచీర, రెండు వైపులా ముక్కుపుడకలు, నుదుట ఇంత బొట్టు, ఒళ్లో బొద్దుగా ఒక పిల్లాడు. ఆవిడ నవ్వుతూ ఉంటుంది. ఆ నవ్వు కింద, ఈ ఉగ్గు అమ్మమ్మ ఒడి అంత నమ్మకమైనదని రాసి ఉంటుంది. అదే మొహం బస్సుల వెనక, మందుల షాపుల అద్దాల మీద, అనకాపల్లి స్టేషన్ బయట ఆటోలు ఆగే చోట పెద్ద హోర్డింగు మీద కూడా ఉంటుంది. మా అమ్మ దేవరాపల్లి నుంచి ఫోన్ చేసినప్పుడు కూడా "ఆ ముసలమ్మ బొమ్మ ఉగ్గు పెట్టి చూడవే" అంటుంది.

అదే మనిషి రోజూ పొద్దున్న ఆరింటికి బిందె పట్టుకుని మా పెరట్లో కుళాయి దగ్గరికి వస్తుంది. బిందె చప్పుడు వినగానే మా అత్తగారు వంటింటి వెనక తలుపు మూసి గడియ పెడతారు. చంటిపిల్ల ఉన్న ఇల్లు, ఆవిడ కన్ను పడకూడదు. గడియ పెట్టి, వెనక్కి తిరిగి, అల్మరాలోంచి ఆవిడ బొమ్మ ఉన్న ప్యాకెట్టే తీసి నా కూతురికి ఉగ్గు కలుపుతారు. ఈ రెండు పనులకీ మధ్య ఆవిడ ఒక్క క్షణం ఆగి ఆలోచిస్తారేమోనని చాలా రోజులు కనిపెట్టి చూశాను. ఆగరు.

నాకు ఒక్కతే కూతురు. ఇదంతా జరిగేటప్పటికి దానికి తొమ్మిదో నెల. నేను చెరకు పండించే ఊళ్లో పుట్టి, బీఎస్సీ కెమిస్ట్రీ చదివి, బెల్లం, ధాన్యం వ్యాపారం చేసే ఇంటికి కోడలిగా వచ్చాను. చదువు సంగతి గొప్పకి చెప్పడం లేదు. ముందు ముందు నేను సిగ్గుపడాల్సిన చోట అది పనికొస్తుంది.

పిల్ల తినదు. ఆ రోజుల్లో నా బతుకంతా ఈ రెండు మాటలే. ఆరో నెలలో అన్నప్రాశన రోజు నాలుక మీద పెట్టిన పరమాన్నం ఉమ్మేసింది. అది మొదలు ఏది పెట్టినా ఉమ్మేయడమే. పాలు తాగేది, అదీ బుద్ధి పుడితేనే. మేం దానికి తినిపించే తీరు ఎవరైనా చూసి ఉంటే సర్కస్ అనుకునేవారు. స్పూను పట్టుకుని ఎదురుగా నేను. గిలక్కాయ ఊపుతూ అత్తగారు. పేపరు మడిచి, కళ్లజోడు సర్దుకుని మామగారు. ఫోనులో పిల్లుల వీడియో పెట్టి మా ఆయన. నలుగురం కలిసి ఎనిమిది కళ్లతో ఆ చిన్న నోటినే చూసేవాళ్లం. అది నోరు కొంచెం తెరిస్తే మేమూ తెరిచేవాళ్లం. అది మూస్తే మేమూ మూసేవాళ్లం. చివరికి అది పెదవులు బిగించి తల గోడవైపు తిప్పేసేది. రోజుకి మూడుసార్లు ఇదే ఆట, ఓడేది మేమే.

పిల్లల డాక్టరు బరువు తూచి, పుస్తకంలో గీత మీద వేలు పెట్టి చూపించాడు. "రెండు నెలల నుంచి ఇది పైకి కదల్లేదమ్మా" అన్నాడు. బలవంతం చెయ్యొద్దన్నాడు. ఏడాది దాకా తీపి వద్దన్నాడు. ఇంట్లో వండిన అన్నం, పప్పే మెత్తగా మెదిపి పెట్టమన్నాడు. మూడు వారాల్లో మళ్లీ తీసుకురమ్మన్నాడు. అప్పటికీ పెరగకపోతే రక్తం తీసి పరీక్షలు చేయించాలన్నాడు. ఇన్ని మాటల్లో నాకు రక్తం ఒక్కటే వినిపించింది. అత్తగారికి ఏదీ వినిపించలేదు. ఆటో దిగి నేరుగా వీధి చివరి కొట్టుకి నడిచి, ఉగ్గు ప్యాకెట్లు రెండు పట్టుకొచ్చారు.

"ఆ డాక్టరుకి నిన్నగాక మొన్న మీసం వచ్చింది. అతనికేటి తెలుసు పిల్లల గురించి? ఈ పెద్దావిడ మొహం చూడు. ఎంతమందిని పెంచిన మొహం!" అన్నారు.

ఎంతమందిని పెంచిందో అత్తగారికి తెలియక కాదు. బొమ్మలో ఆవిడకి పిల్లలు లేరు. కడుపు పండలేదని మొగుడు రాంబిల్లి వైపు వేరే కాపురం పెట్టుకుని ఎన్నో ఏళ్లయింది. ఆవిడ మా పెరట్లో వెనక గదిలో ఒక్కతే ఉంటుంది. దగ్గర్లోనే ఉన్న బెల్లంపొడి షెడ్డులో, ఈ ఉగ్గూ తయారయ్యే చోటే, ప్యాకెట్లకి సీలు వేస్తుంది. వీధిలో అందరూ ఆవిడని మామ్మ అనే పిలుస్తారు. మనవలు లేని మామ్మ. ఆవిడ వస్తుంటే ఆడవాళ్లు చంకలో పిల్లల మీద కొంగు కప్పేస్తారు. సీమంతాలకి పిలవరు, బారసాలలకి పిలవరు. ఆవిడకీ అలవాటైపోయింది. పిల్లలున్న గుమ్మం ముందు నడిచేటప్పుడు మొహం అవతలికి తిప్పుకుని నడుస్తుంది. మా పిల్ల ఏడుపు వినిపిస్తే గది ముందు అరుగు మీద మా వైపు వీపు పెట్టి కూర్చుంటుంది. ఆవిడకి పిల్లలంటే గిట్టదని కాపురానికి వచ్చిన కొత్తలో అనుకున్నాను. అంత తెలివిగలదాన్ని నేను.

ఇక్కడే నా సంగతీ చెప్పెయ్యాలి. పిల్లకి నాలుగో నెలలో ఒక సాయంత్రం దాన్ని ఎత్తుకుని పెరట్లో నిలబడ్డాను. ఆవిడ షెడ్డు నుంచి వస్తూ చూసుకోకుండా మాకు ఎదురైంది. "సల్లగా ఉండు తల్లీ" అని, వెంటనే మొహం తిప్పేసుకుని వెళ్లిపోయింది. ఆ రాత్రి పిల్లకి జ్వరం వచ్చింది. ఆ పొద్దున్నే టీకా వేయించాం. జ్వరం వస్తుందని నర్సు ముందే చెప్పింది, చుక్కల మందు కూడా ఇచ్చింది. అయినా అత్తగారు దిష్టి తీస్తానంటే ఎండుమిరపకాయలు పరిగెత్తుకెళ్లి తెచ్చింది నేనే. నిప్పుల్లో వేసిన మిరపకాయలకి ఘాటు రాకపోతే దిష్టి తగిలినట్టే అంటారు కదా, నేను పొయ్యి దగ్గర నిలబడి, ముక్కు ఎగబీల్చి మరీ వాసన చూశాను. ఘాటు రాలేదనే అనిపించింది. కెమిస్ట్రీలో ఫస్ట్ క్లాసు. మర్నాటి నుంచి పిల్ల బుగ్గ మీద ఒకటి, అరికాలిలో ఒకటి కాటుక చుక్కలు పెట్టడం నేనే మొదలుపెట్టాను. అత్తగారు నన్ను బలవంతం చేయలేదు.

ఉగ్గు ప్యాకెట్టు వెనక చీమ తలకాయంత అక్షరాలు చదివాను. అన్నిటికంటే ముందున్నది బెల్లంపొడి, ఆ తర్వాతే బియ్యం, పెసలు. "అత్తయ్యా, ఇది సగం బెల్లమే. డాక్టరు తీపి వద్దన్నాడు కదా" అన్నాను.

"అనకాపల్లి పిల్లకి బెల్లం వద్దంటే ఊరు నవ్వుతుందమ్మా. మీ నాన్న పండించిన చెరుకే అనుకో" అన్నారు ఆవిడ.

పిల్ల దాన్నీ ఉమ్మేసింది. మొదటిసారి నాకు నా కూతురి మీద గౌరవం కలిగింది. తర్వాత మళ్లీ భయమే.

రెండో ప్యాకెట్టు విప్పబోతుంటే, బొమ్మలో పిల్లాడి బుగ్గ మీద నల్లటి మచ్చ కనిపించింది. బూజేమోనని తడిగుడ్డతో రుద్దాను. అది సాగింది. వాసన చూస్తే ఆముదం. ఇంట్లో పట్టిన కాటుక. కొట్టుకి తీసుకెళ్లి చూపిస్తే కొట్టాయన విసుక్కున్నాడు. "కొన్నింటికి ఉంటాదమ్మా, కొన్నింటికి ఉండదు. మీలాగే అందరూ తెచ్చి సూపిత్తన్నారు. కంపెనీకి సెప్పేను" అన్నాడు.

ఆ వారమే అత్తగారు, మామగారు రాంబిల్లిలో పెళ్లికని రెండు రోజులు వెళ్లారు. మా ఆయన కొట్లో ఉన్నారు. మధ్యాహ్నం నేనూ పిల్లా మిగిలాం. ఎప్పటిలాగే ఆట ఆడాం, ఎప్పటిలాగే ఓడిపోయాను. కరెంటు పోయింది. గిన్నె పక్కన పెట్టి, గాలి కోసం వెనక తలుపు తీసి, గోడకి చేరబడ్డాను. ఏడుస్తున్నానని ఒప్పుకోను గానీ కళ్లు మూసుకునే ఉన్నాను.

కళ్లు తెరిచేసరికి పిల్ల వెనక గడప మీద ఉంది. మా ఇంట్లో గడపలన్నిట్లోకీ ఎత్తయింది అదే. దాని మీద పొట్ట ఆనించి, తక్కెడలాగ ఇటూ అటూ ఊగుతోంది. నేను లేచేలోపు అవతలి వైపుకి జారింది. మొదటిసారి గడప దాటింది. ఏడవలేదు. పెరట్లో సిమెంటు గచ్చు మీద బరబరా పాక్కుంటూ వెళ్లిపోయింది.

ఆవేళ షెడ్డుకి సెలవు. ఆవిడ గది ముందు నేల మీద కూర్చుని, మా తలుపుకి వీపు పెట్టి అన్నం తింటోంది. సత్తు కంచంలో ముసలి పళ్లకి తగ్గట్టు మెత్తగా వండుకున్న అన్నం, మీద చప్పిడి పప్పు. పిల్ల ఆవిడ నడుం పక్కనుంచి దూరి కంచంలో చెయ్యి పెట్టింది.

ఆవిడ బిగుసుకుపోయింది. తల మాత్రం తిప్పలేదు.

"ఓలమ్మో! ఎవుర్దీ సెయ్యి? కోడలమ్మా! నీ గుంట నా కంచంలో సెయ్యెట్టీసింది. బేగొచ్చి ఎత్తుకుపో."

నేను గడప దగ్గరే ఆగిపోయాను. పిల్ల పిడికిట్లో నలిగిన అన్నం నోట్లో పెట్టుకుంది. నమిలింది. మింగింది. మళ్లీ చెయ్యి పెట్టింది.

"ఏటలా నిలబడిపోనావు? మీ అత్త సూత్తే నన్ను ఈధిలో నిలబెట్టి కడిగేత్తాది."

"రాంబిల్లి వెళ్లారు మామ్మా."

"ఎల్తే మాత్రం? ఎత్తుకుపో."

"తింటోంది మామ్మా."

"తింటందా?" ఆవిడ మెడ కొంచెం కదిలింది. మళ్లీ గోడవైపే గట్టిగా నిలిపేసుకుంది. "నాను సూణ్ణేదు. ముందే సెప్తన్నాను, నాను సూణ్ణేదు. రేపు దానికేటైనా అయితే నా మీదకి రాకండి."

అప్పుడు నాకు మిరపకాయల వాసన గుర్తొచ్చింది. ఆ రాత్రి రానిది ఇప్పుడు ముక్కుకి ఎక్కినట్టయింది. వెళ్లి ఆవిడ పక్కన కూర్చుని పిల్ల నోటినే చూడసాగాను. పిల్ల వెంటనే తినడం ఆపేసింది.

నేను చూస్తున్నానని ఆవిడకి ఎలా తెలిసిందో గానీ విసుక్కుంది. "నువ్వూ అటు తిరుగు. సంతలో దూడకి పళ్లు సూసినట్టు నోట్లోకి సూత్తన్నావేటి? అది నోరిప్పుద్దేటి?"

తిరిగాను. ఆవిడ చూడకుండానే కంచాన్ని వెనక్కి, పిల్ల ముందుకి జరిపింది. ఇద్దరం గోడవైపు మొహాలు పెట్టి కూర్చున్నాం. వెనక కంచం చప్పుడు వినిపిస్తోంది. మూడు నెలలుగా మా ఇంట్లో ఎనిమిది కళ్లు దాని నోటి మీద కాపలా కాశాయి. చూడకూడదని వీధంతా నేర్పిన ఒక మనిషి చూడకుండా కూర్చుంటే అది తింది. ఇది నాకు అర్థం కావడానికి డిగ్రీ అక్కర్లేదు, వీపు తిప్పితే చాలు.

గోడని చూస్తూ ఎంతసేపు కూర్చుంటాం? ప్యాకెట్టు మీద బొమ్మ సంగతి అడిగాను.

"అది నాను కాదమ్మా. నా మొకం. అంతే. మా షెడ్డు ఓనరు కొడుకు ఇశాపట్నం నుంచి కెమేరావోణ్ణి తెచ్చేడు. ముందు ఎవుర్నో ముసిల్దాన్ని తెచ్చేర్లే, తెల్లగుంది, పళ్లన్నీ ఉన్నాయి. అది అమ్మమ్మనాగ లేదంట. ఆ కెమేరావోడు సీలు కాడ నన్ను సూసి, ఈవిడ మొకంలో అమ్మమ్మ ఉంది సార్ అన్నాడు. కడుపులో లేంది మొకంలోకి ఎలాగొచ్చింది బాబూ అన్నాను. అందరూ నవ్వేరు. నానూ నవ్వేను. నవ్వినప్పుడే టక్కున తీసీసేడు. ఆ పేకెట్టు మీద నవ్వు అదే."

జిల్లాలో తల్లులందరికీ భరోసా ఇచ్చే నవ్వు అది.

"ఆ పట్టుచీర మీదేనా?"

"నాదేటి! ఆళ్లదే. అవగానే ఇప్పించి పట్టుకుపోనారు. జాకెట్టు సాల్లేదు, ఎనకాలంతా పిన్నీసులే. నవ్వితే గుచ్చుకున్నాయి."

"ఒళ్లో పిల్లాడు?"

"పిల్లడేటి? అరమూట బెల్లంపొడి! ఎత్తుకోమన్నారు. మూటని మూటనాగే ఎత్తుకున్నాను. కాదు కాదు, పిల్లనాగ, పిల్లనాగ అంటాడు. నాకేం తెల్సు? మీ వీధిలో ఎవుర్ని ఎత్తుకోనిచ్చేరు? తర్వాత సూత్తే మూట పిల్లడైపోనాడు. కళ్లు సూసేవా? పిల్లి కళ్లు. మనూరోడు కాడు."

నేను నవ్వాను. ఆవిడా నవ్వింది. వెనక పిల్ల కూడా ఎందుకో కేరింత కొట్టింది. ఆ ఊపులో అడిగేశాను. "వాడి బుగ్గ మీద కాటుక పెట్టేది మీరేనా?"

ఆవిడ నవ్వు ఆగిపోయింది.

"నాను సీలు కొట్టినోటికే పెట్టేను. పొద్దస్తమానం నా ఒళ్లోనే ఉంటన్నాడు, నాను సూత్తన్నాను కదా. నా కన్ను మంచిది కాదు కదమ్మా. ఉత్త బుగ్గేసుకుని ఆడు అన్ని ఊర్లూ తిరగాల. అరికాల్లో పెడదామంటే బొమ్మలో కాళ్లు కనబడవు. సూపర్‌వైజరు తిట్టేడు, మరకలని తిరిగొచ్చేత్తన్నాయంట. ఇప్పుడు మానేసేను."

జాలిపడాలని నాకు తెలుసు. నాకు కోపమే వచ్చింది. నమ్మించి నమ్మించి చివరికి ఆవిడ చేతే ఆవిడ కంటికి విరుగుడు పెట్టించిన వీధి మీద వచ్చింది. ఆ మొహాన్ని అమ్ముకుంటూ, కాటుక చుక్కని మరక అన్న కంపెనీ మీద వచ్చింది. అంతకంటే ఎక్కువ, అప్పటికింకా నా కూతురి బుగ్గ మీద నేను ఉదయం పెట్టిన చుక్క ఉన్నందుకు వచ్చింది. ఆ చుక్క ఎవరి కోసం పెట్టానో ఆవిడకి తెలుసు.

అత్తగారు తిరిగొచ్చారు. నేను ధైర్యంగా ఏమీ చెప్పలేదు. దొంగతనం మొదలుపెట్టాను. అత్తగారు మధ్యాహ్నం కునుకు తీసే వేళ, షెడ్డులో అన్నాల వేళ ఒకటే. ఆవిడ షెడ్డు నుంచి వచ్చి కంచం ముందు కూర్చునేది. నేను మా కంచంలో అన్నం పప్పు మెత్తగా మెదుపుకుని పక్కన చేరేదాన్ని. పిల్ల మా ఇద్దరి వీపుల వెనక, అక్కడికి జరిపిన రెండు కంచాల్లోనూ చేతులు పెట్టి తినేది. పొద్దున్న అత్తగారు కలిపిన ఉగ్గు నేను తినిపిస్తానని తీసుకుని సింకులో పోసేసేదాన్ని. ఆ వారాల్లో ఉగ్గు తిని బలిసింది మా సింకు ఒక్కటే.

డాక్టరు బరువు తూచాడు. గీత పైకి లేచింది. పరీక్షలు అక్కర్లేదన్నాడు. "ఏం మార్చారమ్మా?" అని నన్ను అడిగాడు. నేను నోరు తెరిచేలోపు అత్తగారు చెప్పేశారు.

"ఏటీ మార్చలేదు బాబూ. ఆ పేకెట్టే. మీరు వద్దన్నారు కదా, అదే."

డాక్టరు నా వైపు చూశాడు. నేను పిల్ల సాక్సు సర్దాను. చెప్పడానికి అంతకంటే మంచి సమయం ఉండదు. నాకు అదీ తెలుసు.

ఆ తర్వాత వారంలో పిల్ల అత్తగారి కళ్లముందే వంటింటి లోపలి గడప దాటింది. ఆవిడ ఇల్లంతా వినపడేలా చప్పట్లు కొట్టారు. మా వైపు పిల్ల గడప దాటితే గారెలు వండి వీధిలో ఆడవాళ్లని పిలుస్తారు. పిల్ల ఏ గడప దాటి మూడు వారాలైందో ఆ ఇంట్లో చెప్పగలిగింది నేనొక్కదాన్నే, నేను చెప్పలేదు. అత్తగారు పాకం గారెలన్నారు. పదకొండు ఇళ్లు లెక్కపెట్టి, బొట్టు పెట్టి పిలిచి రమ్మని కుంకుమ భరిణె నా చేతికిచ్చారు.

"వెనక మామ్మని?" అన్నాను.

"నీకు మతి ఉందా?"

"మనం పిల్లకి రోజూ పెట్టేది ఆవిడ మొహం చూసే కదా అత్తయ్యా."

"పేకెట్టు మీదుంటే వేరు, గుమ్మంలో ఉంటే వేరు. పేకెట్టుకి కన్నుందేటి?"

"రెండున్నాయి అత్తయ్యా."

పేపరు వెనక మామగారు నవ్వి, అత్తగారు అటు చూడగానే దగ్గారు.

పదకొండు ఇళ్లూ తిరిగి, పెరట్లోకి వెళ్లాను. భరిణె చూసి ఆవిడ వేడి గిన్నె చూసినట్టు వెనక్కి జరిగింది.

"ఎవరికది?"

"మీకే. రేపు సాయంత్రం రండి మామ్మా. గడప దాటింది కదా, గారెలు."

"గడప నా కాడకొచ్చేటప్పుడే దాటీసింది కదేటి? మీ అత్తకి సెప్పేవా?"

"లేదు."

"నన్ను పిలుత్తున్నట్టైనా సెప్పేవా?"

నేను భరిణె మూత తిప్పుతూ నిలబడ్డాను.

"దొంగబొట్టా?" అంది. "నానొత్తే నీ గుంట తింటాది. మీవోళ్లు తినరు. గారెలన్నీ మిగిలిపోతాయి." మళ్లీ భరిణె వైపు చూసింది. "సర్లే, తెచ్చినదేదో పెట్టు. మొకం ముందుకి ఇంత బొట్టొచ్చి ఎన్నాళ్లయిందో. రమ్మంటే మాత్రం రాను."

నుదురు ముందుకి వంచింది. పెట్టాను. పెడుతూ వంటింటి కిటికీ వైపు చూశాను. అత్తగారు చూస్తారేమోనని. ఆ క్షణంలో కూడా నా భయం అదే.

మర్నాడు హాలు నిండా పట్టుచీరలు. పిల్లని మధ్యలో పీట మీద కూర్చోబెట్టారు. వెండి గిన్నెలో ఉగ్గు. పక్కనే స్టూలు మీద ప్యాకెట్టు నిలబెట్టారు, దేవుడి పటం పెట్టినట్టు. బొట్టు కూడా పెట్టేవారేమో గానీ బొమ్మలో ఇప్పటికే ఉంది. "ఇదిగో, దీనితోనే మా పిల్ల తేరుకుంది" అని అత్తగారు స్పూను ఎత్తారు. పదకొండు మంది ముందుకి వంగారు.

"ఏదీ, ఆం అను."

"మా మనవడైతే గిన్నె నాకేస్తాడు."

"సిగ్గు పడుతుందొదినా."

పిల్ల పెదవులు బిగించింది. అత్తగారు స్పూను దూర్చారు. పిల్ల ఉమ్మింది. ఉగ్గు ఆవిడ పట్టుచీర కుచ్చిళ్ల మీద పడింది. ఇంకోసారి దూర్చారు. పిల్ల గుక్కపట్టి ఏడవడం మొదలుపెట్టింది. అప్పుడు మూడిళ్ల అవతలి ఆవిడ గొంతు తగ్గించి, అందరికీ వినపడేలా అంది, "దిష్టి వదినా. ఆ వెనకావిడ ఇవాళ గదిలోనే ఉన్నట్టుంది కదా."

"పొద్దుట్నుంచీ తలుపు వేసే ఉంచేను. అయినా ఎలాగ తగిలిందో" అన్నారు అత్తగారు.

నేను లేచాను. ధైర్యం వచ్చి కాదు. పిల్ల ఏడుపు వినలేక. వంటింట్లో కంచంలో అన్నం, పప్పు పెట్టుకుని, పిల్లని చంకనేసుకుని, వెనక తలుపు గడియ తీశాను.

"ఎక్కడికే?" అత్తగారు నా వెనకే వచ్చారు.

"తినిపించడానికి."

"ఎవరు తినిపిస్తారే అక్కడ?"

"ప్యాకెట్టు మీదావిడ."

పిల్లని గడపకి ఇవతలే కింద దింపాను. వాళ్లందరూ వచ్చింది గడప దాటడం చూడడానికే కదా. పిల్ల ఎక్కిళ్లు పెడుతూనే గడపకి పొట్ట ఆనించి, ఊగి, అవతలికి జారి, తిన్నగా పాక్కుంటూ వెళ్లింది. అంత అలవాటుగా వెళ్లడం చూస్తే అది మొదటిసారి కాదని ఎవరికైనా తెలుస్తుంది. అత్తగారికీ తెలిసింది.

మామ్మ అరుగు కింద నేల మీద కూర్చుని ఉంది, ఎప్పటిలా గోడవైపు. నేను పక్కన కూర్చుని కంచం మా ఇద్దరి వెనక పెట్టాను. మా వెనక గుమ్మం నిండా ఆడవాళ్లు.

"ఎంతమందున్నారు ఎనకాల?" అంది మామ్మ, పెదవులు కదపకుండా.

"అందరూ."

"ఓలమ్మో." అంది. "గుంట తింటందా?"

"నేను చూడలేదు మామ్మా."

ఇది జరిగి మూడు రోజులైంది. అత్తగారు నాతో మాట్లాడడం లేదు. ఏదైనా చెప్పాలంటే మామగారికి చెబుతారు, ఆయన పేపరులోంచి నాకు చెబుతారు. గారెలు సగం మిగిలాయి, మామ్మ చెప్పినట్టే. వెనక తలుపు తీసే ఉంటోంది, ఎందుకంటే పొద్దున్నే తీసేది నేను. పిల్ల బుగ్గ మీద చుక్క పెట్టడం మానేశాను. అరికాలిలోది మానడానికి ఇంకా చెయ్యి రావడం లేదు. అది కూడా రాసేస్తున్నాను.

ఇందాక మంచినీళ్లకి వంటింట్లోకి వెళితే అల్మరాలో ఉగ్గు ప్యాకెట్టు కనిపించింది. అత్తగారు దాని మొహం గోడవైపు తిప్పి పెట్టారు. పారేస్తారేమో అనుకున్నాను. లేదు. మూతికి కొత్త రబ్బరు బ్యాండు కూడా వేశారు.